దొనగుట్టకు మొదటి పట్టు

కెలమంగలం సంతలో పశువుల బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ నేరుగా ధర మాట్లాడుకోరు, మధ్యలో దళారి ఉంటాడు. దళారి తన భుజం మీది తుండుగుడ్డ తీసి చేతుల మీద కప్పుతాడు. దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఒక వేలు నొక్కితే ఒకటి, రెండు నొక్కితే రెండు. అది వందా, వెయ్యా అన్నది ఎదురుగా నిలబడ్డ ఎద్దును చూస్తే తెలిసిపోతుంది. చుట్టూ పదిమంది మూగినా ఎవరికీ ఏమీ వినపడదు. మొహాలు కనపడతాయి గానీ, ఆ మొహాలు చెప్పేదంతా అబద్ధం.

పాపన్న ఆ సంతలో ముప్ఫై ఏళ్లు దళారి. నేనాయన్ను మొదట చూసింది తొంభై రెండులోనో, మూడులోనో. రాయకోట మీది పాత గోడలు చూద్దామని బయలుదేరినవాణ్ని, బస్సు చెడిపోయి, తమిళనాడు అంచున హోసూరు దగ్గరున్న ఈ కెలమంగలంలో దిగాను. బస్సులు చెడిపోకపోతే నాకు సగం దేశం తెలిసేది కాదు. ఆ రోజు సంత. సన్నగా, పొడుగ్గా, పచ్చగళ్ల తుండుగుడ్డ వేసుకున్న ఒక మనిషి ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తున్నాడు. పంతులు పంచాంగం చూసినట్టు అంత శ్రద్ధగా. ఆయనతో మాట కలిపాను. ఆ మాట పదిహేనేళ్లు సాగింది.

బేరంలో మొదటి పట్టు అనేదొకటి ఉందని నాకు చెప్పింది ఆయనే. కొనేవాడు మొదటిసారి వేళ్లు పట్టుకున్నప్పుడు ఉన్న ధరలో సగం కూడా చెప్పడు. అమ్మేవాడు చెయ్యి విదిలించి, మొహం మాడ్చుకుని పక్కకు పోతాడు. ఇద్దరూ సంత ఒక చుట్టు చుట్టి వస్తారు. అప్పుడు రెండో పట్టు. అసలు బేరం అక్కడ మొదలు.

"మొదటి పట్టు ధర కాదు సామీ. అది పలకరింపు. బాగుండావా అని అడిగినట్ల," అనేవాడు.

"మరి ఎవరైనా మొదటే సరైన ధర చెప్పేస్తే?"

దానికి ఆయన ఉద్దనపల్లి అయ్యవారి కథ చెప్పాడు. చెన్నప్ప అని బడిపంతులు, నిజాయితీపరుడు, పాడి ఆవు కొందామని వచ్చాడట. మొదటి పట్టులోనే ఆవుకు ఉన్న ధర ఉన్నట్టు నొక్కాడట. అమ్మేవాడు భయపడిపోయాడు. ఇంత ఇస్తానంటున్నాడంటే తన ఆవులో తనకు తెలియనిదేదో ఉందనుకుని, తాడు పట్టుకుని ఇంటికి తోలుకుపోయాడు. అయ్యవారు నాలుగు సంతలు తిరిగినా ఆవు దొరకలేదు. చివరికి పాపన్నే వెంట నిలబడి, అబద్ధం ఎలా మొదలుపెట్టాలో ఆయనకు నేర్పాల్సి వచ్చింది.

ఇప్పుడు చెప్పబోయేదంతా ఈ మొదటి పట్టు గురించే. అందుకే ఇంత వివరంగా చెప్పాను.

పాపన్న ఊరికి రికార్డుల్లో వేరే పేరుంది గానీ, బస్సు కండక్టరుతో సహా అందరూ గుట్టకిందపల్లి అనే అంటారు. ముప్ఫై ఎనిమిది ఇళ్లు. కొందరికి రాగి చేలు, కొందరికి పట్టుపురుగులు పెంచే వెదురు చంద్రికలు, మిగిలినవాళ్లకు కూలి. ఊరి వెనక దొనగుట్ట. దూరం నుంచి చూస్తే బూడిదరంగు బోడిరాయి. దగ్గరికి పోతే రాళ్ల సందుల్లో సీతాఫలం, ఈత, నడుమెత్తు బోదగడ్డి. పైన ఒక బండ చూరు కింద దొన, అంటే రాతిలో సహజంగా ఏర్పడ్డ నీటిగుంట. ఎంత ఎండలోనూ అది ఎండలేదని చెప్పేవాళ్లు. ఊరి బావుల్లోకి ఊరేది ఆ నీళ్లే. సంతకు నడిచివచ్చే పశువులు దారిలో ఆగి తాగేదీ అక్కడే. కోతల కాలంలో డెంకణికోట అడవి నుంచి ఏనుగులు కూడా వచ్చి తాగిపోయేవి. వాటిని తిట్టేవాళ్లు గానీ, నీళ్లు తాగుతుంటే ఎవరూ తరిమేవాళ్లు కాదు.

ఆ గుట్ట మీద పాపన్న భార్య సుబ్బక్క పశువులు మేపేది. అవి మామూలు పశువులు కావు. ఈ ప్రాంతంలో పశువును కొనేముందు ఒంటిమీద సుళ్లు చూస్తారు. నుదుట రెండు సుళ్లుంటే ఇంట్లో తగాదా అంటారు. వీపు మీద పాడెసుడి ఉంటే ఇంట్లో శవం లేస్తుందంటారు. అలాంటివి సంతలో అమ్ముడుపోవు. సాయంత్రానికి వాటిని ఒక మూలన నిలబడే లారీకి తోలేస్తారు. ఆ లారీ కేరళకు పోతుంది. దాని మనుషులు సుళ్లు చూడరు, బరువు చూస్తారు. పాపన్న ముప్ఫై ఏళ్లలో ఆ మూలకు పోలేదు. మనసొప్పనప్పుడు అలాంటి దూడనొకదాన్ని తన తరగు, అంటే దళారి కూలి కింద అడిగి తీసుకుని ఇంటికి తోలుకొచ్చేవాడు. సుబ్బక్క మొదట్లో తిట్టింది, తర్వాత పేర్లు పెట్టింది. పాడెసుడి ఆవు పేరు లచ్చిమి. కుంటి కోడె పేరు జింక. బిడ్డలు లేని ఇల్లు. తొమ్మిది పశువులతో నిండిపోయింది.

"ధర కట్టేది ఆయన పని. ధర లేనివాటిని సాకేది నా పని," అంది ఒకసారి నాతో, రాగిముద్ద గిన్నెలో వేస్తూ.

"దానికి కూలి అడగలేదు కదా నువ్వు," అన్నాడు పాపన్న.

"అడిగితే నువ్వు నా పండ్లు చూస్తావని గమ్మునుండాను."

ఏనాడో ఒక అర్థశాస్త్రం పుస్తకంలో చదివాను. నీళ్లు లేకుండా మనిషి బతకలేడు గానీ నీళ్లకు ధర లేదు. వజ్రం లేకుండా హాయిగా బతుకుతాడు గానీ దానికి ధర ఉంది. ఎందుకు అని పాత పండితులు బుర్రలు బద్దలు కొట్టుకున్నారట. దొన దగ్గర కూర్చుని ఆ మాట పాపన్నకు చెప్పాను. ఆయన దొనలో దోసిలి ముంచుతూ, "వజ్రాన్ని అమ్ముకుంటారు కాబట్టి ధర ఉండాది. దీన్ని ఎవురు అమ్ముతారు?" అన్నాడు. ఆ బోడిరాయికి ఓడలెక్కి పోయి, దూరదేశాల్లో వంటింటి గట్టుగా మారే ధర ఉందని అప్పటికి ఊళ్లో ఎవరికీ తెలియదు. సంతలో అన్నీ తెలిసిన పాపన్నకూ తెలియదు.

తొంభై ఎనిమిదిలో తెలిసింది. రాయి కొట్టేందుకు ఒక కంపెనీ గుట్టను లీజుకు అడిగిందని కబురు వచ్చింది. ఆ వెనకే బెంగళూరు నుంచి ఒక సంస్థ తరఫున మధుమిత అనే అమ్మాయి కాగితాలు పట్టుకుని వచ్చింది. హోసూరు పిల్లే. తండ్రికి ఎరువుల అంగడి. ఇంట్లో మన తెలుగే. అడవికీ కొండకూ నీటికీ రూపాయల్లో విలువ కట్టి చూపిస్తే ప్రభుత్వాలు వాటిని కాపాడతాయని అప్పట్లో చదువుకున్నవాళ్లలో ఒక నమ్మకం ఉండేది. చెడ్డ నమ్మకమని నేననను. సర్కారు కచేరీల్లో అంకె లేని వస్తువు కనిపించదు, అంకె పెడితేనన్నా చూస్తారు కదా అని వాళ్ల ఆశ.

ఆ పిల్ల పాపన్న ఇంటి అరుగు మీద కూర్చుని అడిగింది.

"పాపన్నా, ఒకటే ప్రశ్న. దొనగుట్ట ఇట్లనే ఉండాలంటే, మీ ఇంట్లోనించి ఏడాదికి ఎంత ఇస్తారు?"

"ఎవురికమ్మా ఇచ్చేది?"

"ఎవురికీ ఇచ్చేది లేదన్నా. ఇయ్యాల్సి వస్తే ఎంత ఇస్తారు అని."

"ఇచ్చేది లేనప్పుడు ధర ఏమిటికమ్మా?"

"రాయి కొట్టేవాళ్లు ఆఫీసులో వాళ్ల లెక్క పెట్టినారు. మన లెక్క మనం పెట్టకుంటే, గుట్టకు విలువ సున్నా అని రాసేస్తారు."

ఈ మాట పాపన్నకు అర్థమైంది. "సుడి ఉండే కోడె మాదిరి," అన్నాడు.

"అంతేనన్నా. రేపొచ్చి ఇల్లిల్లూ రాసుకుంటాను. ఉండేది ఉండినట్ల చెప్పమను. నీ మాట వింటారు."

ఉండేది ఉండినట్ల చెప్పప్పా. సంతలో ప్రతివాడూ ఎదుటివాడితో అనే మొదటి మాట అదే.

ఆ సాయంత్రం పాపన్న అరుగు ముందు ఊరు చేరింది. ధర విషయం కాబట్టి పెత్తనం ఎవరూ ఇవ్వకుండానే ఆయనకు వచ్చింది. బావులు తవ్వే పిల్లప్ప, ఊళ్లో నోటిదురుసు మనిషి, ముందే మొదలుపెట్టాడు.

"ఈ బేరంలో పాపన్నకు తరగు ఎంతో, అది చెప్పండప్పా ముందు."

"నీ పెండ్లి బేరంలో ఎంత వచ్చిందో అంతే," అన్నాడు పాపన్న. పిల్లప్ప భార్య కూడా నవ్వింది.

గుట్ట మీది సీతాఫలాలు కెలమంగలం బస్టాండులో అమ్ముకునే అంగాళమ్మ లేచింది. ఆమెకు మొగుడు లేడు. ఆ పండ్లే ఆమె చేను. "నా చెవి కమ్మలిస్తానని రాసుకోమంటా. ఇంగేముండాది నా దగ్గర," అంది.

"గమ్మునుండమ్మా. మొదటి పట్టులో కమ్మలు చూపిస్తే, రెండో పట్టుకు చెవులు అడుగుతారు," అన్నాడు పాపన్న.

ఆ మాటతో ఊరు ఒక దారికి వచ్చింది. గుట్ట సర్కారుది, కాబట్టి అమ్మేవాళ్లు వాళ్లు. నిలుపుకునేది మనం, కాబట్టి కొనేవాళ్లం మనం. కొనేవాడు మొదటే పూర్తి ధర చెబితే వస్తువు చేతికి రాదు. ఉద్దనపల్లి అయ్యవారి ఆవు సంగతి అందరికీ తెలుసు. ఇంటికి ఐదు రూపాయలని చెబుదాం. ఆ పిల్ల మొహం మాడ్చుకుని పోతుంది, ఒక చుట్టు చుట్టి మళ్లీ వస్తుంది. అప్పుడు అసలు బేరం.

మరునాడు మధుమిత ఇల్లిల్లూ తిరిగింది. ఐదు. ఐదు. ఐదు. చివరకు పాపన్న దగ్గరికొచ్చి, "నిజంగా ఐదేనా అన్నా?" అని అడిగింది. ఆమె మొహం మాడిపోయి ఉంది. పాపన్న ఆ మొహం చూసి లోపల సంతోషించాడు. అమ్మేవాడి మొహం సరిగ్గా అలాగే ఉండాలి. "ఐదేనమ్మా," అన్నాడు. ఆమె రాసుకుని, కాగితాలు సంచిలో పెట్టుకుని, మధ్యాహ్నం బస్సుకు పోయింది.

ఇలాంటి ప్రశ్నలకు జనం నిజం చెప్పరని పుస్తకాల్లో ఉంది. ఆ జబ్బుకు పేర్లున్నాయి, మందులు కూడా ఉన్నాయి, పెద్ద పెద్ద లెక్కలతో. కానీ పాపన్న ఊరు చేసింది అబద్ధం చెప్పడం కాదు. బేరం మొదలుపెట్టడం. ఒకరినొకరు ఎలా పలకరించుకుంటారో అలా గుట్టను పలకరించారు.

ఆ తర్వాత పాపన్న ఒక పని చేశాడు. రెండో పట్టుకు సిద్ధంగా ఉండాలి కదా. తుండుగుడ్డ భుజాన వేసుకుని ముప్ఫై ఏడు ఇళ్లకూ ఒక్కడే పోయాడు. ప్రతి ఇంట్లోనూ గుడ్డ కప్పి చెయ్యి చాచాడు. "మీ ఆఖరి మాట చెప్పండి. పక్కింటికి తెలీదు, నాకు తప్ప," అన్నాడు. వాళ్లు ఆయన వేళ్లు పట్టుకుని చెప్పారు. కొందరు చెప్పి, గుడ్డ తియ్యకముందే మళ్లీ పట్టుకుని పెంచారు. పిల్లప్ప ఆ రోజు ఒక్క జోకూ వెయ్యలేదు. అంగాళమ్మ ఎంత చెప్పిందో నాకు తెలియదు గానీ, ఆ ఇంటి నుంచి బయటికొచ్చి పాపన్న కాసేపు వీధిలోనే నిలబడిపోయాడట.

ఆఖరికి తన ఇల్లు. సుబ్బక్క పేడ తీస్తోంది.

"నా చెయ్యి పట్టుకునేదానికి ఇన్నేండ్లకు నీకు టవాలు కావల్సి వచ్చిందా?" అంది.

"బేరమే ఇది. చెప్పు."

ఆమె చెయ్యి కడుక్కుని గుడ్డ కింద పెట్టింది. ఏ వేలు పట్టుకోవాలో, ఎన్ని నొక్కాలో ఆమెకు తెలియదు. ఆయన చెయ్యి మొత్తం పట్టుకుని అలాగే ఉండిపోయింది. "ఎంత ఇది?" అంటే, "నాకు తెలిసింది ఇంతే," అంది.

ముప్ఫై ఎనిమిది ధరలు. ఒక్కటీ కాగితం మీద లేదు, అన్నీ పాపన్న చేతిలో ఉన్నాయి. గుట్టకు నిజమైన విలువ తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు. అతను సంతరోజు పశువుల దగ్గర కాకుండా బస్టాండులో నిలబడటం మొదలుపెట్టాడు. హోసూరు నుంచి వచ్చే ప్రతి బస్సూ చూసేవాడు. నేనొకసారి అడిగితే, "రెండో పట్టుకు వస్తాది ఆ బిడ్డ. చుట్టు కొంచెం పెద్దది, బెంగళూరు దాకా కదా," అన్నాడు. ఒక వాన పోయింది. ఇంకో వాన పోయింది.

రెండువేల సంవత్సరంలో గుట్ట లీజు మీద మీటింగు పెట్టారు, ఒక కల్యాణమండపంలో. అప్పటికింకా కృష్ణగిరి జిల్లా కాలేదు. ధర్మపురి నుంచి జీపులు వచ్చాయి. వేదిక మీద పెళ్లికి కట్టిన కాగితపు పూలు అలాగే ఉన్నాయి. పాపన్న ఊరి నుంచి ఇంటికొకరు చొప్పున వచ్చి ముందు వరసల్లో కూర్చున్నారు. అధికారి తమిళంలో చదివాడు. ముందు రాయి లెక్క. ఆ అంకె ఎంత పొడుగంటే మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. తర్వాత గుట్ట లెక్క. ముప్ఫై ఎనిమిది ఇళ్లు, ఇంటికి ఐదు, ఏడాదికి నూట తొంభై రూపాయలు.

మండపంలో నవ్వు లేచింది. మొదట నవ్వింది ఎవరనుకున్నారు. గుట్టకిందపల్లి వాళ్లే. మొదటి పట్టు బయటపడినప్పుడు సంతలో అందరూ నవ్వుతారు, అది మర్యాద. ఇక అసలు బేరం మొదలవుతుందని వాళ్ల సంతోషం.

పాపన్న లేచి వేదిక దగ్గరికి పోయాడు. "సారూ, అది మొదటి పట్టు. మా ఆఖరి మాట నా దగ్గర ఉండాది," అన్నాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి, కుడిచేతి మీద కప్పుకుని, ఆ చేతిని అధికారి బల్ల మీదుగా చాచాడు.

అధికారికి ఏమీ అర్థం కాలేదు. వెనక కూర్చున్న కంపెనీ మనుషులకు అర్థమైంది, ఇప్పుడు వాళ్లు నవ్వారు. అధికారి చెడ్డవాడేమీ కాదు. మెల్లగానే, "పెద్దాయనా, ఇది సంత కాదు. పోయి కూర్చోండి," అన్నాడు.

పాపన్న కూర్చోలేదు. చెయ్యి అలాగే చాచి ఉంచాడు. ఎవరూ ఆ చెయ్యి పట్టుకోలేదు.

గోడ పక్కన కూర్చున్న మధుమిత అప్పుడు లేచింది. ఆ అమ్మాయికి అంతా ఒక్కసారి అర్థమైనట్టుంది. "సార్, నేను మళ్లీ పోయి రాసుకొస్తాను. ఒక్క నెల టైమివ్వండి," అంది.

"రిపోర్టు కింద సంతకం మీదే కదమ్మా?" అన్నాడాయన.

ఆమెదే.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పు. ఆ లీజు కాగితం మధుమిత ఊళ్లోకి రాకముందే సగం కదిలిందని తర్వాత విన్నాను. ఇంటికి ఐదు కాదు, ఐదువేలు రాసినా గుట్ట మిగిలేదో లేదో ఎవరూ చెప్పలేరు. ఈ మాట పాపన్నకు చాలాసార్లు చెప్పాను. "అట్లయితే ఏమిటికి అడిగినారు సామీ?" అనేవాడు. దానికి జవాబు నేను చదివిన పుస్తకాల్లోనూ దొరకలేదు. ఇంకొకసారి, "చెన్నప్ప అయ్యవారిని పెట్టి ఉంటే బాగుండేది, ఆయన ఉండేది చెప్పేవాడు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు చూడటం కష్టమైంది.

గుట్ట కంపెనీకే పోయింది. రాయి కొట్టడం మొదలైన రెండో ఏడు, ఒక మధ్యాహ్నం పెద్ద మందు పేలింది. సుబ్బక్క సాయంత్రం పశువులను తోలుకుపోయేసరికి దొనలో నీళ్లు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయట. ఆమె అలాగే చెప్పింది, ఒరిగి ఉన్నాయని. మూడో రోజుకు అడుగున పాచి, ఎండిన కప్పలు మిగిలాయి. ఆ వెనకే రెండేళ్లు వానలు లేవు. బావులు తవ్వే పిల్లప్ప బావుల్లో దిగడం మానేసి, హోసూరులో బండ్ల కంపెనీ గేటు దగ్గర కాపలాకు పోయాడు. అంగాళమ్మకు పండ్లు లేవు. కొన్నాళ్లు అదే బస్టాండులో ఊరికే వచ్చి కూర్చునేది. కూర్చోవడం అలవాటు కదా అనేది. ఒక రోజు రాలేదు.

మేత లేదు. తొమ్మిది పశువులు. సుబ్బక్క పక్క ఊళ్ల నుంచి చెరకు ఆకు మోసుకొచ్చింది, ఇంటి కప్పు మీది బోద కూడా పీకి వేసింది. లచ్చిమి లేవడానికే కష్టపడే స్థితికొచ్చాక పాపన్న అన్నాడు, సంతకు తోలతానని. ఆమె వాటి మెడల్లో గంటలు విప్పింది. ఊరి చివరిదాకా వెంట వచ్చి, "ఎంతకో నాకు చెప్పొద్దు," అంది.

సుళ్లున్న పశువులను ఎవరు కొంటారు. ముప్ఫై ఏళ్లుగా తొక్కని మూలకు పాపన్న మొదటిసారి పోయాడు. లారీ మనిషి ముందు తుండుగుడ్డ కప్పి చెయ్యి పెట్టాడు. అతను మొదటి పట్టు పట్టాడు. ఎవరైనా చెయ్యి విదిలించాల్సినంత తక్కువ.

పాపన్న సరేనన్నాడు.

లారీ మనిషి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఏమప్పా, వీటికి ఏమి రోగం?" అని అడిగాడు.

"రోగం లేదు. ఎక్కించుకో," అన్నాడు పాపన్న.

అదే ఆయన చేసిన ఆఖరి బేరం. ఆ రోజు ఇంటికి పోయేసరికి సుబ్బక్క గంటలన్నీ తోమి గోడకు తగిలించి ఉంది. ముద్ద పెట్టింది, నీళ్లిచ్చింది. కానీ ఆ రోజు నుంచి ఆయనతో నేరుగా మాట్లాడలేదు. చెప్పాల్సిందేదైనా ఉంటే గోడకో, కుక్కకో, ఎదురుగా నాలాంటివాడుంటే వాడికో చెప్పేది. "ఆ మనిషిని తినమని చెప్పండి సామీ" అని. కోపం కూడా ఉన్నట్టు అనిపించేది కాదు. మాట ఎక్కడో జారిపోయి, మళ్లీ వెతకడానికి ఓపిక లేనట్టు ఉండేది. తుండుగుడ్డ రాగిముద్ద గంప మీద మూతగా మారింది.

రెండువేల ఏడులో మధుమిత మళ్లీ వచ్చింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. బెంగళూరులో పిల్లలకు పాఠాలు చెబుతోందట. ఇదే చదువు, కొండలకు విలువ కట్టే చదువు. కళ్లద్దాలు వచ్చాయి. ఇంటి ముందు నీళ్ల ట్రాక్టరు ఆగి ఉంది. సుబ్బక్క బిందెలు వరసగా పెడుతోంది. వెనక గుట్ట ఉండాల్సిన చోట పెద్ద గుంట, దాని అంచున పచ్చనీళ్లు. అవి ఎవరూ తాగరు. అరుగు మీద తెల్లటి రాతిదుమ్ము. పాపన్న చేత్తో తుడిచి కూర్చోమన్నాడు.

"చుట్టు నిండా పెద్దదైపోయినట్లుందే అమ్మా," అన్నాడు.

ఆమెకు ఆ మాట గుచ్చుకుంది.

"అన్నా, ఆ పొద్దు మీరు రెండోతూరి చెప్పాలనుకున్నది ఎంత? నాకు తెలియాల."

"ఇప్పుడేమిటికమ్మా?"

"ఆ ఐదు నేను రాసినాను కదన్నా. నా చేత్తో."

"నోటితో చెప్పేది కాదమ్మా అది. నన్ను నమ్మి చేతిలో చెప్పినారు. చాలామంది పోయినారు కూడా."

"అయితే చేతిలోనే చెప్పు." ఆమె చెయ్యి చాచింది.

"ఆడబిడ్డ చెయ్యి సంతలో పట్టుకోమమ్మా."

"ఇది సంత కాదు కదన్నా," అంది మధుమిత.

సుబ్బక్క లోపలికి పోయింది. ముద్దగంప మీది గుడ్డ తెచ్చి, దులిపి, అరుగు మీద ఇద్దరి మధ్యా పెట్టి, మళ్లీ బిందెల దగ్గరికి పోయింది. పచ్చగళ్లు వెలిసిపోయి ఉన్నాయి.

పాపన్న గుడ్డ కప్పాడు. "ఇది మొదటింటి కేశవప్పది," అన్నాడు. గుడ్డ కింద ఆయన వేళ్లు కదిలాయి. "ఇది పిల్లప్పది. ఇది వాళ్ల తమ్ముడిది, మొదట ఒకటి చెప్పి మళ్లీ పెంచినాడు, పెంచిందే చెప్తాండా. ఇది అంగాళమ్మది." అక్కడ మధుమిత ఉలిక్కిపడి ఆయన మొహంలోకి చూసింది. ఆయన ఆగలేదు. ఏ ఇంటినీ మరిచిపోలేదు. వీధిలో ఎలా వరసగా ఉండేవో అలాగే చెప్పుకుపోయాడు. పడిపోయిన ఇళ్లు కూడా, తాళం వేసి హోసూరుకు పోయిన ఇళ్లు కూడా. మొదట్లో ఆమె పెదవులు కదులుతుండటం చూశాను, కూడుకుంటోంది. పదిహేనో ఇంటి దగ్గరో ఎక్కడో ఆ కదలిక ఆగిపోయింది. ఊరికే వింటూ కూర్చుంది.

"ఇది మా ఇల్లు," అన్నాడు పాపన్న చివరికి.

గుడ్డ కింద ఈసారి వేళ్లు కదల్లేదు. ఆమె చెయ్యి మొత్తం పట్టుకుని ఉండిపోయాడు.

"ఇదెంతన్నా?"

ఆయన చెప్పలేదు. వదలనూ లేదు. రోడ్డు మీద హోసూరు బస్సు హారను కొట్టింది, ఒకసారి, మళ్లీ ఒకసారి. సుబ్బక్క నిండిన బిందె చంకన పెట్టుకుని గడప దగ్గర నిలబడిపోయింది. నా వైపు చూడలేదు, గోడ వైపు చూడలేదు.

"వదులప్పా ఆ బిడ్డ చెయ్యి," అంది. "బస్సు పోతాది."

పాపన్న తల తిప్పి ఆమెను చూశాడు. అలా చూస్తూనే ఉన్నాడు. బస్సు పోయింది.